చిన్న టోపీ, పెద్ద లెక్క

బడులకు సెలవులు వచ్చాయంటే ఇంటింటా ఒకే ఫిర్యాదు. పిల్లల చేతిలోంచి ఫోను దిగడం లేదని తల్లులు, చెప్పిన మాట వినడం లేదని తండ్రులు. ఫోను లాక్కోవడం పెద్ద పని కాదు. ఖాళీ అయిన ఆ చేతులకు ఏ పని ఇవ్వాలన్నదే అసలు ప్రశ్న. ఈ నెల అందుకొక చిన్న జవాబు చెప్పుకుందాం. అది బొమ్మ తలకు అల్లే టోపీ. మిగిలిపోయిన ఊలు ఉండ ఒకటి, ఐస్‌క్రీమ్ పుల్లలు ఇరవై, ఒక కొక్కెపు సూది ఉంటే చాలు, ఒక మధ్యాహ్నంలో పూర్తవుతుంది. కానీ ఆ చిన్న టోపీ వెనుక, మన ఇళ్లలో స్త్రీలు చేసే చేతిపనికి సంబంధించిన పెద్ద లెక్క ఒకటి ఉంది. దాన్ని కూడా విప్పి చూడాలి.

బొమ్మలతో ఆట తగునా అన్న సందేహం కొన్ని ఇళ్లలో వస్తుంది. హజ్రత్ ఆయిషా (రజి) బాల్యంలో బొమ్మలతో ఆడుకునేవారని, స్నేహితురాళ్లు సిగ్గుపడి దాక్కుంటే దైవప్రవక్త (స) వారిని తిరిగి ఆమె వద్దకు ఆటకు పంపేవారని సహీహ్ బుఖారీలో ఉంది. గుడ్డపీలికలతో రెక్కలు కట్టిన ఆమె గుర్రం బొమ్మను చూసి ఆయన నవ్విన సంఘటన సునన్ అబూ దావూద్‌లో కనిపిస్తుంది. ప్రతిమల విషయంలో ధర్మవేత్తలు ఎంత జాగ్రత్త చెప్పినా, పిల్లల ఆటబొమ్మలకు వారిలో చాలామంది మినహాయింపు ఇవ్వడానికి ఆధారం ఈ ఉల్లేఖనాలే. మన సంగతికి మరో విశేషం కూడా ఇందులో ఉంది. ఆ గుర్రపు రెక్కలు బజారులో కొన్నవి కావు, ఇంట్లోని పీలికలతో చేసినవి.

అల్లే విధానం

దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ అల్లిక చట్రాలు దొరుకుతాయి. గుండ్రని వలయం, దాని చుట్టూ నిలువుగా మేకులు. కొనలేకపోయినా బాధ లేదు. నాలుగు అంగుళాల పీవీసీ గొట్టం ముక్క ఒకటి తీసుకోండి. ప్లంబరు పని జరిగిన ఇంట్లో అడిగితే ఊరికే ఇస్తారు. దాని చుట్టూ ఇరవై ఐస్‌క్రీమ్ పుల్లలను సమాన దూరంలో నిలబెట్టి, గట్టి టేపుతో బిగించండి. ప్రతి పుల్లా గొట్టం అంచు నుంచి రెండు వేళ్ల వెడల్పు పైకి లేచి ఉండాలి. సుమారు అడుగు ఎత్తున్న బొమ్మ తలకు ఈ చట్రం సరిపోతుంది.

దారం కొసను మొదటి పుల్లకు ముడి వేయండి. తరువాత ప్రతి పుల్ల చుట్టూ దారాన్ని ఒక్కో చుట్టు తిప్పుతూ ఒక వరుస పూర్తి చేయండి. చుట్లను పుల్ల అడుగుకు జరిపి, పైన రెండో వరుస వేయండి. ఇప్పుడు ప్రతి పుల్ల మీద రెండు చుట్లుంటాయి. కింది చుట్టును కొక్కెంతో ఎత్తి, పై చుట్టు మీదుగా, పుల్ల కొస దాటించి లోపలికి వదలండి. ఒక్కో పుల్లకు ఇలా చేస్తూ పోతే ఒక వరుస అల్లిక తయారవుతుంది. మళ్లీ చుట్టడం, మళ్లీ ఎత్తి దాటించడం. చేయవలసింది ఇంతే. అల్లిక గొట్టం లోపలి నుంచి కిందికి దిగుతూ ఉంటుంది.

ఎనిమిది సెంటీమీటర్లు దిగాక, మొట్టమొదటి వరుస చుట్లను పైకి మడిచి తిరిగి పుల్లలకు తగిలించి, కింది చుట్లను వాటి మీదుగా దాటిస్తే టోపీకి రెండు పొరల అంచు వస్తుంది. ఆపై మరో ఆరేడు సెంటీమీటర్లు అల్లండి. చివర రెండు జానల దారం వదిలి కత్తిరించి, పెద్ద కన్నున్న సూదికి ఎక్కించి, ఇరవై చుట్లలోంచీ వరుసగా దూర్చి పుల్లల నుంచి తీసేయండి. దారం లాగితే టోపీ శిఖరం ముడుచుకుంటుంది. లోపలి వైపు ముడి వేసి కొసను దాచేస్తే టోపీ సిద్ధం.

పిల్లలు మొదట చేసే పొరపాటు దారాన్ని బిగించి చుట్టడం. బిగిస్తే కింది చుట్టు పైకి లేవదు, వేళ్లు నొప్పి పుడతాయి, విసుగు వస్తుంది. దారం పుల్లను తాకాలే గాని పట్టుకోకూడదని ముందే చెప్పండి. రెండోది, ఒక చుట్టు జారిపోయినా చూసుకోకుండా ముందుకు పోవడం. ఈ రకం అల్లికలో ప్రతి చుట్టూ తన కింది చుట్టును పట్టుకుని ఉంటుంది. ఒకటి జారితే దాని కింద ఉన్నవన్నీ నిచ్చెన మెట్లలా విడిపోతాయి. అందుకే ప్రతి వరుస చివరా పుల్లలు లెక్కపెట్టించండి, ఇరవై ఉన్నాయో లేదో. ఇది మగపిల్లల పని కాదనే మాట ఇంట్లో రానివ్వకండి. దైవప్రవక్త (స) తన దుస్తులు తానే కుట్టుకునేవారని, చెప్పులు తానే బాగుచేసుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన సంగతి మనకు తెలిసిందే.

వడికిన దారాన్ని గట్టిపడ్డాక తానే పోగులు పోగులుగా విప్పేసుకున్న స్త్రీ ఉపమానం దివ్య ఖుర్‌ఆన్‌లోని నహ్ల్ సూరాలో ఉంది. చేసిన ప్రమాణాన్ని భంగపరచవద్దని చెప్పే సందర్భంలో వచ్చిన పోలిక అది. ఒక్క చుట్టు జారి పది వరుసలు విడిపోవడం కళ్లారా చూసిన పిల్లకు ఆ పోలికలోని బాధ మాటల్లో వివరించనక్కరలేదు.

ఈ చుట్ల ప్రయాణం

దారాన్ని చుట్లుగా అల్లే ఈ విద్య ఐరోపా నుంచి మనకు వచ్చిందని చాలామంది అనుకుంటారు. కానీ నేటికి నిలిచిన పాత అల్లికల్లో ముఖ్యమైనవి ఈజిప్టులో, పాత కైరో ప్రాంతమైన ఫుస్తాత్‌లో దొరికాయి. నీలం, తెలుపు నూలుతో గుండ్రంగా అల్లిన మేజోళ్లవి. పదకొండు నుంచి పద్నాలుగో శతాబ్దం మధ్యవని పండితుల అంచనా. స్పెయిన్‌లోని బుర్గోస్ నగరంలో లాస్ ఉయెల్గాస్ అనే క్రైస్తవ మఠం ఉంది. అక్కడ 1275లో మరణించిన కాస్తిల్ యువరాజు ఫెర్నాండో సమాధిలో పట్టుదారంతో అల్లిన దిండు గలీబు దొరికింది. దాని అంచున కూఫీ లిపిలో శుభాన్ని కోరే అరబ్బీ మాట ఉంది. క్రైస్తవ రాజకుటుంబం కోసం ముస్లిం చేతులు అల్లిన పనిగా చరిత్రకారులు దీన్ని భావిస్తారు. అల్లినవారి పేరు మాత్రం ఎక్కడా లేదు. దిండు ఎవరి తల కింద ఉందో చరిత్రకు తెలుసు, ఎవరి వేళ్ల మీదుగా వచ్చిందో తెలియదు.

ఆ పేరు లేని చేతులు అంత దూరంలోనే లేవు. మన గోదావరి డెల్టాలోనూ ఉన్నాయి.

నరసాపురం లేసు

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే ముందు ఒడ్డున ఉన్న పట్టణం నరసాపురం. అవతలి ఒడ్డున కోనసీమలోని సఖినేటిపల్లి రేవు. ఈ పట్టణం పక్కనే ఉన్న మాధవాయపాలెంలో పదిహేడో శతాబ్దంలో ఆంగ్లేయులు వర్తక స్థావరం పెట్టారు. అక్కడి నుంచి ఓడలెక్కిన నూలు బట్టకు ఆ ఊరి పేరే ‘మదపొల్లం’ అని స్థిరపడి, దేశదేశాల్లో వాడుకలోకి వచ్చింది. బట్టకు ఊరి పేరు మిగిలింది. నేసినవారి పేర్లు మిగలలేదు.

పందొమ్మిదో శతాబ్దంలో ఇదే ప్రాంతానికి లేసు అల్లిక వచ్చింది. 1844లో స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు ఇక్కడి స్త్రీలకు దాన్ని నేర్పారని చెబుతారు. బొమ్మ టోపీకి ఇరవై పుల్లలు కావాలి. లేసుకు ఒక్క కొక్కెపు సూది, సన్నని నూలుదారం, చూపు, ఓర్పు చాలు. క్రైస్తవ మిషన్ల నీడలో మొదలైన ఈ పని క్రమంగా కాపు, అగ్నికుల క్షత్రియ, మరెన్నో కుటుంబాల ఇళ్లలోకి చేరింది. 1899 నాటి కరవును, 1929 నాటి ప్రపంచ ఆర్థిక మాంద్యాన్ని తట్టుకుని నిలిచింది. బల్లగుడ్డలు, దిండు గలీబులు, దుప్పట్లు, సంచులు, శాలువలు, టోపీలు, ఇలా ఎన్నో రూపాల్లో విదేశాలకు వెళ్లింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. హైదరాబాదు లక్క గాజులకు అదే గుర్తింపు వచ్చిందీ ఆ ఏడాదిలోనే.

ఇంత కీర్తి ఉన్న పనిని అల్లేవారు ఏ స్థితిలో చేస్తున్నారన్న ప్రశ్నతో 1970ల చివరలో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం వచ్చారు. ఆమె పరిశోధన 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకంగా వెలువడింది. ప్రపంచంలో ఇంటి నుంచి చేసే స్త్రీల పని గురించి చర్చ వచ్చినప్పుడల్లా నేటికీ ఆ పుస్తకం ప్రస్తావనకు వస్తుంది. ఒక చిన్న తెలుగు పట్టణం పేరు ప్రపంచ విశ్వవిద్యాలయాల్లో వినిపించడానికి ఆ గృహిణులే కారణం.

ఆమె చూసిన విషయం సూక్ష్మమైనది. ఎగుమతిదారు నుంచి ఏజెంటుకు, ఏజెంటు నుంచి ఇంటికి దారం వస్తుంది. అల్లిక తిరిగి అదే దారిలో వెళుతుంది. పని ముక్కలుగా చీలి ఉంటుంది. ఒకరు పువ్వులు అల్లుతారు, మరొకరు వాటిని కలిపే అతుకుపని చేస్తారు. పూర్తయిన వస్తువును చాలామంది చూడనే చూడరు. అది ఎవరు కొంటారో, ఎంతకు కొంటారో తెలియదు. వంట, పిల్లలు, పశువుల పని అయ్యాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఈ స్త్రీలు అల్లుతున్నారు. అయినా వారికి దక్కేది, పొలం పనికి వెళ్లే స్త్రీలకు అప్పట్లో ప్రభుత్వం నిర్ణయించిన కనీస కూలి కంటే చాలా తక్కువ.

కారణం ఏజెంటు దురాశ ఒక్కటే కాదు. అందరి నాలుకల మీదా ఉన్న ఒక మాట. ‘ఇంట్లో ఖాళీగా కూర్చుని తీరిక వేళ చేసుకునే పని’ అన్న మాట. ఆ మాట అన్నవారిలో వ్యాపారి ఉన్నాడు, ఇంటి యజమాని ఉన్నాడు, అల్లుతున్న ఆమె కూడా ఉంది. తీరిక అని పేరు పెట్టగానే ఎనిమిది గంటల శ్రమ కాస్తా కాలక్షేపం అయింది. కాలక్షేపానికి కూలి అడగరు కదా. గోషా పాటించే ఇళ్లలో ఈ మాట మరింత బలంగా పనిచేసింది. గడప దాటకుండా సంపాదించగలగడం ఆ స్త్రీలకు గౌరవంగా తోచింది, అది నిజమే. కానీ గడప దాటకపోవడం వల్ల బజారు ధర తెలియలేదు, పక్కవీధిలోని స్త్రీకి ఎంత ఇస్తున్నారో తెలియలేదు. గౌరవం ఇంట్లో ఉండిపోయింది, లాభం గడప దాటి వెళ్లిపోయింది.

ఆ రోజులకూ నేటికీ తేడా లేదనడం న్యాయం కాదు. డ్వాక్రా సంఘాలు వచ్చాయి, నరసాపురం దగ్గర లేసు పార్కు వచ్చింది, నేరుగా అమ్ముకునే మార్గాలు కొన్ని తెరుచుకున్నాయి. అయితే చైనా యంత్రపు లేసుతో పోటీ కూడా వచ్చింది. ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. మేజోళ్లు అల్లే యంత్రాన్ని 1589లోనే ఇంగ్లండులో విలియం లీ తయారు చేశాడు. నేడు స్వెట్టర్లు, బనియన్లు యంత్రాలే అల్లుతున్నాయి. కానీ కొక్కెపు సూదితో చేసే అసలైన క్రోషే అల్లికను యంత్రం ఇంకా అచ్చంగా చేయలేకపోతోంది. పైకి అలా కనిపించే నకళ్లనే చేయగలుగుతోంది. అంటే బజారులో అతి చవకగా కనిపించే క్రోషే సంచి అయినా, బొమ్మ అయినా, టోపీ అయినా, అది నిజంగా క్రోషేదైతే ఎక్కడో ఒక మనిషి గంటల తరబడి కూర్చుని అల్లినదే. ధర తగ్గిందంటే అల్లికకు పట్టిన సమయం తగ్గలేదు. కూలి తగ్గిందన్నమాట.

మన ఇళ్ల సంగతి

నమాజుకు పెట్టుకునే తెల్లని జాలీ టోపీల్లో చాలా వరకు ఈ అల్లికల రకమే. పండుగ ముందు మసీదు బయట వాటిని బేరమాడి కొంటాం. హైదరాబాదు పాతబస్తీ ఇళ్లలో చీరల మీద జర్దోజీ పని చేసే స్త్రీలున్నారు. నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాల్లో బీడీలు చుట్టే తల్లులున్నారు. వారిలో మన సోదరీమణులు ఎందరో. వీరందరి పనికీ నరసాపురం లేసుకూ ఒకే లక్షణం ఉంది. పని ఇంట్లో జరుగుతుంది, కూలి ముక్కకింత అని లెక్కిస్తారు, సమయాన్ని ఎవరూ లెక్కించరు.

పురుషులకు వారు సంపాదించిన దానిలో, స్త్రీలకు వారు సంపాదించిన దానిలో భాగం ఉంటుందని నిసా సూరా స్పష్టంగా చెబుతోంది. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) తోళ్లు పదును చేసి, కుట్టుపని చేసి, ఆ సంపాదనను దానం చేసేవారు. తన చేతిపని విలువ ఆమెకు తెలుసు. ఆ సొమ్ము ఎక్కడ ఖర్చు చేయాలన్నది ఆమె నిర్ణయమే. పూర్తి పని తీసుకుని కూలి ఇవ్వని వానికి ప్రళయదినాన అల్లాహ్‌యే ప్రతివాది అవుతాడన్న హదీసును మనం జుమా ప్రసంగాల్లో విన్నాం. ఇంట్లో జరిగే పనికి అది వర్తించదని ఎవరూ అనలేదు. మనమే అలా అనుకున్నాం.

కాబట్టి కొన్ని పనులు మన చేతిలో ఉన్నాయి. మొదటిది, ఇంటి నుంచి పని చేసే ప్రతి స్త్రీ ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోవాలి. మొదలుపెట్టిన సమయం, ఆపిన సమయం, పట్టిన దారం, చేతికి వచ్చిన డబ్బు, ఈ నాలుగూ రాయాలి. లెక్క కోసం ఒక టోపీకి ముప్ఫై రూపాయల దారం పట్టిందని, ఐదు గంటలు అల్లితే యాభై రూపాయలు వచ్చాయని అనుకుందాం. దారం తీసేస్తే మిగిలింది ఇరవై. గంటకు నాలుగు రూపాయలు. ఆ అంకె కాగితం మీద కనిపించిన రోజున ‘తీరిక వేళ పని’ అన్న మాట నోట రావడం కష్టమవుతుంది.

రెండోది, వీధిలో ఒకే పని చేసే నలుగురు కలిసి తమ రేట్లు ఒకరికొకరు చెప్పుకోవాలి. పని తీసుకునే ముందే ముక్కకు ఎంత, డబ్బు ఎప్పుడు, సరుకు తిరస్కరిస్తే దారం ఖర్చు ఎవరిది అన్నవి తేల్చుకోవాలి. మూడోది, అందుబాటులో ఉన్న గుర్తింపును వదులుకోకూడదు. 2021 ఆగస్టులో మొదలైన ఇ-శ్రమ్ పోర్టల్‌లో 16 నుంచి 59 ఏళ్ల అసంఘటిత కార్మికులు నమోదు కావచ్చు. ఇంటి నుంచి పని చేసేవారూ అందులోకి వస్తారు. హస్తకళాకారులకు కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం గుర్తింపు కార్డు ఇస్తుంది. ఇంటి పనివారి హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఒక ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. అందువల్ల మనం కార్మికులమని చూపే ఏ కాగితమైనా విలువైనదే.

నాలుగోది కొనేవారి బాధ్యత. చేతి అల్లిక కొనేటప్పుడు బేరం మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: దీనికి ఎన్ని గంటలు పట్టింది? జవాబు విన్నాక బేరం దానంతట అదే తగ్గుతుంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. పిల్లలకు నేర్పే అల్లిక ఆటగానే ఉండాలి. లేసు ఇళ్లలో ఆడపిల్లలు చిన్న వయసులోనే సూది పట్టి, బడి మాని, ఏజెంటు ఇచ్చిన గడువుకు అల్లిన కథలు తక్కువ కావు. వేళ్లు చురుకుగా ఉన్నాయని పిల్లను ఆర్డర్ల పనిలో కూర్చోబెట్టడం సంపాదన కాదు, ఆమె చదువును అమ్ముకోవడం. అరగంటకు మించి ఒకేసారి అల్లనివ్వకండి. మంచి వెలుతురు ఉండాలి. విసుగు వస్తే చట్రాన్ని పక్కన పెట్టనివ్వండి, చుట్లు పుల్లల మీద రేపటిదాకా భద్రంగా ఉంటాయి.

పిల్ల అల్లిన టోపీ వంకరగా వస్తుంది. బొమ్మ చెవి మీదికి జారుతుంది. దాన్ని అమ్మనక్కరలేదు, విప్పి సరిచేయనక్కరలేదు. అయితే అది పూర్తయిన రోజున పిల్లతో కూర్చుని, ఎన్ని గంటలు పట్టిందో ఒక కాగితం మీద రాయించండి. ఆ పక్కనే, ఆ ఇంట్లో ఆ రోజు అమ్మ లేదా నానమ్మ చేతులు ఎన్ని గంటలు పని చేశాయో కూడా రాయించండి. ఇతరుల శ్రమకు న్యాయమైన వెల కట్టడం ఆ పిల్లకు అక్కడే మొదలవుతుంది. అలా పెరిగిన తరం లేసు కొన్నా, అమ్మినా, అల్లినా, అల్లాహ్ తోడ్పడితే, అవతలి చేతికి అన్యాయం చేయదు.